వంటింటి నేల మీద న్యూజిలాండ్

కరస్పాండెంట్ సారు ఆయాలందర్నీ హాల్లోకి రమ్మన్న దినం నా చేతిలో ఎల్‌కేజీ పాప ఒకతి తడుపుకున్న గౌను ఉండింది. యాడ పెట్టాల్నో తోచక దాన్ని అట్లే పట్టుకోని పోయి అందరికీ వెనక నిలబడినాను. బకెట్లో వేసి పోయుండచ్చు కదా అని ఇప్పుడనిపిస్తాది. ఆ పొద్దు పిలుపు అట్లా వచ్చింది. ఆయన కొత్త సారు. మదనపల్లెలో మా స్కూలును పాత యజమాని అమ్మేసి నెల కూడా కాలేదు. కొన్నాయనకు పుంగనూర్లో ఒకటి, కుప్పంలో ఒకటి ముందునించే స్కూళ్ళు ఉండాయి.

సారు అరవలేదు. అరిచుంటే బాగుండేది, అరిచేవాళ్ళు నాకు అలవాటే. ఈయన నవ్వుతా, నిదానంగా చెప్పినాడు. వచ్చే సంవత్సరం నించి ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల దగ్గరుండే ఆయాలు ఇంగ్లీషులోనే మాట్లాడాలంట. మూడు నెలలు నేర్పిస్తారంట. తర్వాత మూడు స్కూళ్ళ ఆయాలకూ కుప్పంలో పరీక్ష. పాసైనవాళ్ళు ఉంటారు. కానివాళ్ళకు వేరే పని ఏదన్నా ఉంటే చూస్తాం, లేకుంటే లేదు.

"లేకుంటే లేదు" అనేటప్పుడు కూడా నవ్వు పోలేదు ఆయన ముఖంలో. నా చేతిలో గౌను కారతాండాది. కాళ్ళ మీద చుక్కలు పడతాంటే కూడా కదల్లేకపోయినాను.

నేను చదివింది అయిదు. అదీ రామసముద్రం పక్క మా పల్లెలో, ఒక గదిలో అయిదు తరగతులూ కూచునే బడిలో. మా ఇంటాయన టమాటా మార్కెట్లో బాక్సులు మోస్తాడు. నాకు ఒకతే కూతురు. అది ఆ స్కూల్లోనే ఎనిమిదో క్లాసు చదువుతాండె. ఆయా బిడ్డ కాబట్టి ఫీజు అడగకుండా చేర్చుకున్నారు, పదేండ్లుగా అట్లే జరిగిపోతాండాది. నేను పోతే అది కూడా పోవాల్సిందే. నలుగురిలో నిలబెడితే కనపడని పిల్ల అది, నోరు తెరవదు. పరీక్ష పేపర్లో మాత్రం కనపడతాది. లెక్కల సారు ఒకసారి నన్ను వరండాలో నిలబెట్టి, "నీ బిడ్డను యాడికీ మార్చొద్దమ్మా, టెన్త్ దాకా మా చేతిలో ఉండనీ" అన్నాడు. ఆ మాట నా తలలో నించి పోలేదు. హాల్లో నిలబడుకోని నేను తలుచుకున్నది ఇంగ్లీషును కాదు, ఆ మాటనే.

ఇంటికి పోయి పరీక్ష ఉండాదని చెప్పినాను. ఓడిపోతే ఏమైతాదో చెప్పలేదు. "ఊరికే నేర్పిస్తారంట పాపా, మంచిదే కదా" అన్నాను.

మా క్లాసు, పిల్లలు వెళ్ళిపోయినాక, యూకేజీ గదిలో. పెద్ద కుర్చీలు లేవు. మేం నలుగురు ఆయాలం ఆ రంగురంగుల చిన్న కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు కూచునేవాళ్ళం. నా పక్కన కుప్పమక్క. ఆమె పుట్టింది కుప్పంలో, మెట్టింది మదనపల్లెలో, నాకంటే పన్నెండేండ్లు పెద్దది. తెలుగు, అరవం రెండూ కలిపి మాట్లాడేది, కోపమొస్తే మూడోది కన్నడం కూడా వచ్చేది. నేర్పించే మేడమ్ పుంగనూరు పిల్ల. చిన్నది, పెండ్లి కూడా కాలేదు. మమ్మల్ని అక్కా అక్కా అనేది.

మొదటి దినమే ఆ పిల్ల చెప్పింది. "ఏ బీ సీ డీలు వద్దక్కా. గ్రామరు వద్దు. మనం ఒక దేశానికి పోదాం. మూడు నెలలు ఆడనే ఉందాం. ఆడ కొండలు యాడుండాయి, జనం ఎవురు, ఏం తింటారు, ఏం పండగ చేస్తారు, ఇవన్నీ ఇంగ్లీషులో చెప్పుకుందాం. దేశాన్ని పట్టుకుంటే మాటలు దాని వెంట వస్తాయి."

"ఏ దేశానికి మేడమ్?" అనింది కుప్పమక్క. "బస్సు ఉందా?"

మేడమ్ నవ్వి గోడకు ఒక పటం తగిలించింది. నీలం సముద్రం, దాంట్లో రెండు తునకలు, ఒకటి పైన, ఒకటి కింద. న్యూజిలాండ్.

"ఆడ మనుషులకంటే గొర్రెలు ఎక్కువ" అనింది మేడమ్.

"అయితే మా తంబళ్లపల్లె మేనమామ ఊరే" అన్నాను నేను. నోరు జారి అన్నాను గానీ మేడమ్‌కు ఆ మాట చానా నచ్చింది. షీప్ అంటే గొర్రె, డాగ్ అంటే కుక్క, ఊల్ అంటే బొచ్చు, అని ఆ పొద్దంతా గొర్రెల మీదనే చెప్పింది. మా మామ గొర్రెల్ని వంకలో కడిగి, ఆరబెట్టి, కత్తెర్లతో బొచ్చు తీసేది నేను చిన్నప్పుడు చూసినాను. ఆడ కూడా తీస్తారంట, కరెంటు మిషనుతో, ఒక్కో గొర్రెను నిమిషంలో. గొర్రెకు భయం కాదా అని అడగాలనుకున్నాను. ఇంగ్లీషులో ఎట్లా అడగాల్నో తెలీలేదు.

రెండో వారం ఆ దేశంలో భూమి వణుకుతాదని చెప్పింది. ఎర్త్‌క్వేక్. ఇండ్లు ఊగుతాయి, గిన్నెలు పడతాయి, పిల్లలు బెంచీల కింద దూరుకుంటారు, స్కూల్లో దానికి ట్రైనింగు కూడా ఇస్తారంట. ఈ దేశాన్నేనా నేను మూడు నెలలు మోయాల్సింది, వేరే నిదానమైన దేశం ఏదీ దొరకలేదా ఈ పిల్లకు, అనుకున్నాను.

కుప్పమక్క పటం వైపు కన్ను చిట్లించి చూసింది. "ఉత్తరం ఏ పక్క మేడమ్ దీనికి?"

"పైన అక్కా. మ్యాప్‌లో పైన ఎప్పుడూ నార్త్."

"సూడు మే" అని నన్ను పొడిచింది కుప్పమక్క. "ఉత్తరం తలపెట్టి పండుకోని ఉండాది ఈ దేశం. వణక్కుండా ఏం చేస్తాది!"

మేడమ్ డస్టరు పట్టుకోని నవ్వింది చూడు, కండ్లలో నీళ్ళొచ్చేదాకా. నేనూ నవ్వినాను. నవ్వేది నవ్వుతాండానే గానీ, లోపల ఒకటి పట్టుకునింది నన్ను. పైన నార్త్ అనింది కదా మేడమ్. పైన అంటే ఆకాశం. ఉత్తరం పైన ఎట్లుంటాది? అది నాకు ఎక్కలేదు. ఆ దినం చెప్పిన మాటలేవీ ఎక్కలేదు. వెస్ట్ కోస్ట్‌లో కొండలు, ఈస్ట్‌లో మైదానం అంటాంది, నేను గోడను చూస్తాండాను, ఆ గోడ మా స్కూల్లో పడమటి గోడ. దాని మీద తూర్పు ఎట్లా రాస్తారు?

ఇది చదివేవాళ్ళలో పట్నంలో పుట్టినవాళ్ళకు నా బాధ తెలీదేమో. మా పక్క పల్లెల్లో కుడి, ఎడమ అని ఎక్కువ అనం. తూరుపక్క జరుగు అంటాం. ఉత్తరం గూట్లో ఉప్పుడబ్బా అంటాం. అన్నం తినేటప్పుడు కూడా "నీకు పడమటి పక్క చెంబుండాది చూడు" అంటే చెయ్యి దానంతట అదే పోతాది. చీకట్లో లేపి తూర్పు ఏదంటే చూపిస్తాం. అట్లాంటి మనిషిని, గోడకు నిలబెట్టిన దేశం ముందర కూచోబెట్టినారు.

నాలుగైదు దినాలు అట్లే పోయినాయి. మిగతావాళ్ళు ఒక్కో మాట పలుకుతాండారు. నాకు పలుకు రాలేదు. మేడమ్ ఒకసారి ఓపిగ్గా, "అక్కా, వేర్ ఆర్ ద మౌంటెన్స్?" అంటే నేను లేచి నిలబడి, పటాన్ని చూసి, మేడమ్‌ను చూసి, ఏడుపొచ్చి కూచున్నాను. ఇంటికి పోయేటప్పుడు మా పాప నా పక్కన నడస్తా ఉంటే, దాని యూనిఫాం భుజం మీద చెయ్యేసి, ఇది ఇంకెన్ని దినాలు ఈ బట్టలు వేసుకుంటాదో అనుకున్నాను.

ఆ సాయంత్రం వంటింట్లో సీమసుద్ద తీసుకోని నేల మీద కూచున్నాను. నేను ఎప్పుడూ తూర్పు ముఖంగా కూచోని వంట చేస్తాను. ముగ్గు వేసినట్టు చుక్కలు పెట్టుకోని, మేడమ్ పటాన్ని తలుచుకుంటా, ఉత్తరం గోడ పక్క బియ్యం డ్రమ్ము దగ్గర నార్త్ ఐలాండ్ గీసినాను. దానికి దక్షిణంగా, గుమ్మం దాకా, సౌత్ ఐలాండ్. మధ్యలో ఒక చెయ్యి పట్టేంత సందు, అది సముద్రం. సౌత్ ఐలాండ్‌కు పడమటి పక్క పొడుగునా చింతకాయలు పేర్చినాను, మంచు కొండలు. తూర్పు పక్క గుప్పెడు శెనక్కాయలు పోసినాను, గొర్రెలు. నార్త్ ఐలాండ్ నడిమధ్యలో చిన్న గిన్నెలో నీళ్ళు, పెద్ద చెరువు. చెరువుకు దక్షిణంగా మూడు ఎండు మిరపకాయలు, నిప్పు కక్కే కొండలు. నార్త్ ఐలాండ్ దక్షిణపు మొనలో ఒక పసుపుకొమ్ము, రాజధాని.

పాప వచ్చి చూసి బ్యాగు దింపకుండానే కూచునింది. "మా, ఇదేంది?"

"న్యూజిలాండ్."

"ఇట్లా అడ్డంగా పెట్టినావే?"

"అడ్డంగా యాడుండాది? సరిగ్గానే ఉండాది. ఉత్తరం ఉత్తరం పక్కనే ఉండాది కదా."

అది తల తిప్పి బియ్యం డ్రమ్మును చూసి, పటాన్ని చూసి, "అవును" అనింది. ఆ దినం నించి అదే నాకు రెండో మేడమ్. "వేర్ ఆర్ ద షీప్?" అంటే "ఇన్ ద ఈస్ట్" అని వేలు పెట్టేదాన్ని. "వై ఆర్ ద షీప్ ఇన్ ద ఈస్ట్?" అంటే, వాన పడమటినించి వచ్చి కొండకు కొట్టుకోని ఆ పక్కే కురిసిపోతాది, ఈ పక్క గడ్డి, ఎండ అని చెప్పాల. అది మన పక్క కూడా అంతే కదా, కొండకు ఆపక్క తడి, ఈపక్క ఎండు. అందుకే ఆ మాటలు నాకు ఒక్కసారికే పట్టుబడినాయి. రెయిన్ కమ్స్ వెస్ట్. మౌంటెన్ స్టాప్స్. ఈస్ట్ డ్రై. పాప ఒక్కో సరైన మాటకు ఒక శెనక్కాయ తినేది. నేను సౌత్ ఐలాండ్ పూర్తి చేసేలోపల గొర్రెలన్నీ అయిపోయేవి.

జనం సంగతి కూడా అట్లే నేర్చుకున్నాను. ఆ దేశంలో ముందునించి ఉండేవాళ్ళు మావోరీలు, పడవల్లో వచ్చినవాళ్ళు. చుట్టాలు వస్తే ఒక ఆడమనిషి ముందర నిలబడి గొంతెత్తి పిలవాల, ఆ పిలుపు వినపడినాకనే లోపలికి అడుగు పెట్టాల. చెప్పులు బయట విడవాల. ఒకరి ముక్కు ఒకరికి ఆనించి పలకరించుకుంటారు. దానికి కుప్పమక్క, "జలుబు చేసుంటే?" అనింది. పండగలకు నేలలో గుంత తవ్వి, కాలిన రాళ్ళు వేసి, మాంసం, గడ్డలు ఆకుల్లో చుట్టి పెట్టి, మట్టి కప్పి, పొద్దంతా ఉడకనిస్తారు. ఇదంతా నాకు నోటికొచ్చింది. పిలిచే ఆడమనిషిని మనసులోనే బియ్యం డ్రమ్ము పక్కన నిలబెట్టుకున్నాను, వంట గుంత మిరపకాయల పక్కన. కాబట్టి తలుచుకుంటానే దొరికేది.

ఒక్కటి మాత్రం భయపెట్టింది. ఆడ మధ్యాన్నం సూర్యుడు ఉత్తరం పక్క ఉంటాడని మేడమ్ చెప్పింది. పుట్టేది తూర్పే గానీ, పోయేది ఉత్తరం మీదుగా. ఆ దినం ఇంటికొచ్చి పటం ముందర చానా సేపు కూచున్నాను. సూర్యుడు కూడా మనకు తెలిసిన దావ వదిలేసే దేశం ఒకటుండాదా అని. పాప ఎంత అడిగినా ఆ మాట మాత్రం గట్టిగా చెప్పలేకపోయినాను.

పరీక్ష దినం వచ్చింది. పొద్దున్నే స్కూలు బస్సులో మదనపల్లె నించి బయలుదేరినాం. పుంగనూర్లో ఆ స్కూలు ఆయాలు ముగ్గురు ఎక్కినారు. వాళ్ళు కొత్త చీరలు కట్టుకోని, చేతుల్లో కాగితాలు పెట్టుకోని పెదాలు కదిలిస్తా ఉండారు. పలమనేరు దాటినాక నేను మలుపుల్లో వాంతి చేసుకోని, కుప్పమక్క ఒళ్ళో తల పెట్టి కండ్లు మూసుకున్నాను. ఆమె నా వీపు రుద్దతా, "మే, ఏమడిగినా వెరీ నైస్ కంట్రీ సార్ అను. యా దేశానికైనా సరిపోతాది" అనింది.

కండ్లు తెరిచేసరికి కుప్పం. సన్న తుంపర. మబ్బు ఒకే తెల్లగా కప్పేసింది, సూర్యుడు యాడుండాడో తెలీదు. బస్సు సందుల్లో అటు తిరిగి ఇటు తిరిగి స్కూల్లోకి పోయింది. దిగినాను. దిగినాక అర్థమైంది నాకు, దిక్కులు పోయినాయని. గేటు తూర్పుకుండాదా, పడమటికుండాదా? తల తిప్పి తిప్పి చూసినాను. రైలు కూత వినపడింది, అది ఏ పక్కనించి వచ్చిందో కూడా తెలీలేదు. కాళ్ళ కింద నేల ఉండాది, అది యా దిక్కుకు పరుచుకోనుండాదో తెలీదు. చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోయినప్పుడు కూడా ఇంత భయం కాలేదు నాకు, అప్పుడు తూర్పు ఏదో తెలుసు.

"అక్కా, తూర్పు ఏది ఈడ? నీ ఊరు కదా."

"నేనుండేటప్పుడు ఈ స్కూలు యాడిదే? ఈడంతా చేన్లు" అని ఆమె కూడా తల గోక్కునింది.

వాచ్‌మన్‌ను అడుగుదామనుకుంటే మాకు నేర్పిన మేడమ్ వచ్చి మమ్మల్ని లోపలికి తోలేసింది. గదిలోకి పోయినాక ఒక్క తెలుగు మాట కూడా రాకూడదు అని చెప్పింది. ఒక్కటి వచ్చినా రాసుకుంటారు. ఆ పిల్ల ముఖంలో కూడా నెత్తురు లేదు. మేం ఓడిపోతే ఆ పిల్లను కూడా అంటారు కదా.

కుప్పమక్కను నా కంటే ముందు పిల్చినారు. పది నిమిషాల్లో బయటికొచ్చింది.

"ఏమడిగినారక్కా?"

"ఎవురికి తెలుసు. అన్నిటికీ వెరీ నైస్ కంట్రీ సార్ అన్నా. ఆ సారు నవ్వినాడు, నేనూ నవ్వినా. నువ్వు పో."

గదిలో నేనెప్పుడూ చూడని సారు ఒకాయన, మేడమ్ ఒకామె. సారు ముసలాయన, తెల్ల జుట్టు. మేడమ్ ముందర కాగితాలు. కిటికీలకు పరదాలు. గోడకు అదే పటం, మా స్కూల్లో దానికంటే పెద్దది. నన్ను దాని ముందర నిలబెట్టినారు.

"టెల్ అస్ అబౌట్ దిస్ కంట్రీ" అన్నాడు సారు.

నోరు తెరిచినాను. ఏమీ లేదు. కొండలు లేవు, గొర్రెలు లేవు, పిలిచే ఆడమనిషి లేదు. వంటింటి నేల మొత్తం యాడికో జారిపోయినట్టుండాది. గోడ మీద ఆ రెండు తునకలు, ఆరేసిన బట్టల మాదిరి వేలాడతాండాయి. తూర్పు యాడ? అది తెలిస్తే అన్నీ దొరుకుతాయి, అది తెలీకుంటే ఒక్క మాట లేదు. సారు మళ్ళీ అడిగినాడు. మేడమ్ పెన్ను ఎత్తింది.

ఆ పెన్ను ఎత్తడం చూసినాను నేను. మా పాప వరండాలో చెప్పులు విడిచి క్లాసులోకి పోయేది కనపడింది కండ్ల ముందర.

"సార్" అన్నాను. "ఈస్ట్ వేర్?"

సారు లేచి వచ్చి పటంలో కుడిపక్క అంచు చూపించినాడు. "హియర్. ఈస్ట్."

"నో సార్. రూమ్ ఈస్ట్."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొంగు ముడి గట్టిగా పట్టుకున్నాను.

"మార్నింగ్ సన్ సార్. దిస్ రూమ్. మార్నింగ్ సన్ కమ్స్ విచ్ విండో?"

సారు గది వెనక కిటికీ పక్క చెయ్యి చూపించినాడు. నేను తిరిగి చూసినాను. తిరిగేసరికి తలలో ఏదో కదిలినట్టయింది. గది అంతా ఒక్కసారి మెల్లగా తిరుక్కోని కుదురుకునింది. గేటు దక్షిణం. రైలు కూత వచ్చింది పడమర. నేను ఇంతసేపూ వీపు పెట్టి నిలబడింది తూర్పుకు.

"సార్, ప్లీజ్, మ్యాప్ డౌన్."

"డౌన్?"

"డౌన్. ఫ్లోర్."

అంత పెద్ద మనిషికి పని చెప్తాండానే అని ఆ క్షణం తోచలేదు. సారు మేకు నించి పటం తీసి ఇచ్చినాడు. నేను దాన్ని నేల మీద పరిచినాను. ఉత్తరాన్ని ఉత్తరానికి తిప్పినాను. పడమటి పక్క, మా ఇంట్లో కూచునేటట్టే, తూర్పు ముఖంగా సక్లముక్లం వేసుకోని కూచున్నాను. నేల సల్లగా తగిలింది.

అప్పుడు వచ్చినాయి. టూ ఐలాండ్స్ సార్. నార్త్ ఐలాండ్ దిస్. లేక్ ఇన్ మిడిల్. ఫైర్ మౌంటెన్స్ త్రీ. క్యాపిటల్ హియర్, వెరీ విండ్. సౌత్ ఐలాండ్, స్నో మౌంటెన్స్ వెస్ట్. రెయిన్ కమ్స్ వెస్ట్, మౌంటెన్ స్టాప్స్, ఈస్ట్ డ్రై, షీప్ మెనీ. వేలు పెట్టి చెప్తా పోయినాను. ముసలి సారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకోని వంగి చూస్తాండాడు. గెస్ట్ కమ్స్, వన్ విమన్ కాల్స్ లౌడ్లీ, దెన్ ఓన్లీ గెస్ట్ ఇన్‌సైడ్. నో చెప్పల్స్. నోస్ టు నోస్. ఎర్త్‌క్వేక్ కమ్స్, చిల్డ్రన్ అండర్ బెంచ్. చివర్లో ఆ మాట కూడా చెప్పినాను, సన్ గోస్ నార్త్ సార్, ఐ ఫియర్. సారు "యూ ఫియర్?" అన్నాడు. "యెస్ సార్. సన్ ఆల్సో చేంజ్."

ఇంక చెప్పేదానికి ఏమీ మిగల్లేదు. "అంతే సార్" అన్నాను.

అనేసినాను. అంతే. తెలుగు. మేడమ్ పెన్ను కదిలింది. ఏమి రాసుకునిందో కనపడలేదు. నేను పటం చుట్టిచ్చి, వంగి దండం పెట్టి బయటికొచ్చినాను.

దాని తర్వాత మూడు వారాలు. పొద్దుటినించి పొద్దుపోయేదాకా ఆ ఒక్క మాట, అంతే, అంతే. పిల్లలకు అన్నం తినిపిస్తా గరిటె జారవిడిచేదాన్ని. ఆఫీసు నించి అటెండరు వరండాలోకి వస్తే చాలు, బాత్రూములోకి పోయి తలుపేసుకునేదాన్ని. నేల మీద కూచోనింది గుర్తొచ్చేది, సారుకు పటం దించమని చెప్పింది గుర్తొచ్చేది. ఒకసారి ఒక పాప నా చెయ్యి పట్టుకోని, "ఆయా, యాల వణుకుతాండావు?" అనింది. "ఎర్త్‌క్వేక్" అన్నాను. అది పకపకా నవ్వి అందరికీ చెప్పింది. ఒక వారం పాటు ఆ క్లాసులో పిల్లలందరూ నన్ను చూస్తే బెంచీల కింద దూరేవాళ్ళు.

ఇంట్లో పాప అడిగింది. "ఎట్లా చేసినావు మా?"

"బాగానే."

"ఏమన్నారు?"

"ఏమంటారు. చూస్తాం అన్నారు. నువ్వు చదువుకో."

అది పుస్తకం తీసింది. తలొంచుకోని చదువుకునింది. నాకు అదొక నిమ్మళం, దానికేమీ తెలీదు కదా అని.

ఒక సోమవారం ఆఫీసులోకి పిలుపు వచ్చింది. ముందు కుప్పమక్క పోయింది. నేను బయట గోడకు ఆనుకోని నిలబడినాను. ఆమె వచ్చింది, ముఖంలో నవ్వు ఉండాది గానీ కండ్లలో లేదు.

"వంటింటికి వేసినారు మే నన్ను. పుంగనూరు స్కూల్లో. పిల్లల దగ్గర కాదు."

"అక్కా..."

"ఏంది అక్కా? పోనీలే. ఆడ ఏ దేశం పేరు చెప్పినా పులుసుకు చింతపండే కదా వేసేది" అని కొంగుతో ముక్కు తుడుచుకునింది. తొమ్మిదేండ్లు పక్కపక్కన పిల్లల్ని కడిగినాం మేం. పుంగనూరంటే దూరమేమీ కాదు, బస్సులో గంట కూడా పట్టదు. అయినా ఆమెను పట్టుకోవాలని చెయ్యి చాపినాను. అప్పుడే నా పేరు పిల్చినారు.

కరస్పాండెంట్ సారు ఆ దినం కూడా నవ్వుతాండాడు. ఒక కాగితం నా పక్క జరిపినాడు.

"ఒక సంవత్సరం చూస్తామమ్మా. ఎల్‌కేజీలోనే. వచ్చే సంవత్సరం మళ్ళీ పరీక్ష ఉంటాది. దేశం వేరే."

"మా పాప సార్?"

"నువ్వు ఉన్నన్నాళ్ళూ ఉంటాది."

బయటికొచ్చేసరికి కుప్పమక్క ఆడనే నిలబడి ఉండాది. నాకోసమే. "ఏమన్నారే?" అనింది. నాకు చెప్పేదానికి భయమైంది. ఆమెకు లేనిది నాకుండాది అని ఎట్లా చెప్పేది? కాగితం వెనక్కి పెట్టుకున్నాను. ఆమె నా చెయ్యి లాగి, కాగితం చూసి, చదవడం రాకపోయినా తెలుసుకోని, నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. "బిడ్డ గట్టున పడింది పో" అని, వెనక్కి చూడకుండా నడిచింది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి పాప గుమ్మంలో కూచోనుండాది. దాని ముందర ఒక ప్లాస్టిక్ కవరు.

"మా, ఏమైంది?"

"ఉంటాం" అన్నాను. "ఒక సంవత్సరం."

అది గట్టిగా ఊపిరి వదిలింది. ఎంత సేపటినించి బిగబట్టి ఉండిందో ఆ ఊపిరి. కవరులోనించి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. గవర్నమెంటు హైస్కూల్లో చేరే ఫారం. మొత్తం నింపింది, దాని చేతిరాత ముత్యాల మాదిరి ఉంటాది. దాని పేరు, వాళ్ళ నాయన పేరు, పుట్టిన తేది, చదివిన క్లాసులు.

"నీకెవురు చెప్పినారు?"

"మా క్లాసులో అందరికీ తెలుసు మా. నాకు నువ్వు పటం గీసిన దినం నించే తెలుసు. నేనే పోయి ఆ స్కూల్లో హెడ్మాస్టర్ను అడిగొచ్చినా. చేర్చుకుంటామన్నారు. మంచోళ్ళే మా, భయం లేదు."

మూడు నెలలు శెనక్కాయలు తింటా, వేర్ ఆర్ ద షీప్ అని నన్ను అడిగిన పిల్ల. నేను దానికి తెలీకుండా భయపడతాండానుకున్నాను. అది నాకు తెలీకుండా భయపడతాండింది. ఫారంలో ఒక్క గడి మాత్రం నింపకుండా వదిలేసింది. తల్లి చేసే పని అనే చోట. ఆ గడి మీద రబ్బరుతో చెరిపిన మచ్చ ఉండాది, రెండు మూడుసార్లు రాసి చెరిపినట్టు.

"చించేద్దామా మా ఇది?"

చించేయమని నోటి చివరిదాకా వచ్చింది. సారు నవ్వు గుర్తొచ్చింది. దేశం వేరే అన్న మాట గుర్తొచ్చింది.

"వద్దు" అన్నాను. "పెన్నియ్యి."

కింద గార్డియన్ సంతకం అనే చోట నా పేరు రాసినాను, అయిదో క్లాసులో నేర్పిన గుండ్రం అక్షరాలతో. తేదీ వేయలేదు. తల్లి చేసే పని గడిలో పాప చూస్తాండగా ఆయా అని రాసి, కాగితం మడత పెట్టి దానికే ఇచ్చినాను, దాచిపెట్టమని.